బ్రేక్‌వాటర్ దగ్గర అండర్‌వాటర్ ఫొటోలు: మెగాపిక్సెల్స్ కంటే దగ్గరితనం ముఖ్యం

బే ఏరియాలో ఉండే మనవాళ్లకి మాంటెరీ తెలిసే ఉంటుంది. అక్కడ హార్బర్‌ని అలల నుంచి కాపాడటానికి వేసిన రాళ్ల కట్టే బ్రేక్‌వాటర్. పైన సీ లయన్స్ గోల. కింద డైవర్లకి పండగ. ఇసుకలో పట్టు దొరకని జీవులు రాళ్లని అంటిపెట్టుకుని బతుకుతాయి. తెల్ల కాలీఫ్లవర్‌లా ఉండే సీ అనిమోనీలు, సముద్ర నక్షత్రాలు, న్యూడిబ్రాంక్ అనే గుల్ల లేని రంగురంగుల నత్తలు.

"నా ఫోన్ ఐపీ68 కదా, అలాగే దించేయొచ్చా?" వద్దు బాస్. ఆ టెస్ట్ కదలని మంచినీళ్లలో చేసేది. ఈమధ్య ఐఫోన్లకి 6 మీటర్లు, చాలా గెలాక్సీలకి 1.5 మీటర్లు, రెండిటికీ 30 నిమిషాలే. ఉప్పునీటికి ఆ లెక్క వర్తించదు. నీళ్లు చేరి పాడైతే మామూలు వారంటీ కూడా రాదు. పైగా నీళ్లలో టచ్ సరిగా పనిచేయదు. అందుకే బటన్లున్న హౌసింగ్ కావాలి. సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ లాంటివి బ్లూటూత్‌తో ఫోన్‌ని నడిపిస్తాయి, 40 మీటర్ల దాకా తట్టుకుంటాయి.

ఇక అసలు విషయం, రంగు. నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి. ఐదారు మీటర్ల లోతుకే ఎర్ర నక్షత్రం మట్టిరంగులో కనిపిస్తుంది. పైనుంచి వెలుతురు దిగే లోతు ఒక్కటే కాదు, జీవి నుంచి లెన్స్ దాకా ఉన్న నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సెన్సర్‌కి అందని ఎరుపుని ఏ ఏఐ ఫిల్టరూ నిజంగా వెనక్కి తేలేదు. డిజిటల్ జూమ్ చేస్తే మసక కూడా పెద్దదవుతుంది, అంతే. కాబట్టి అడుగు దూరంలోకి వెళ్లాలి, వెలుతురు మనమే తీసుకెళ్లాలి.

ఫోన్ ఫ్లాష్ మాత్రం వాడొద్దు. అది లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి నీళ్లలోని నలకలన్నీ మెరిసి ఫొటోలో మంచు కురిసినట్టు ఉంటుంది. వీడియో లైట్‌ని చిన్న ఆర్మ్ మీద పక్కకి పెట్టండి. నన్నడిగితే ఫోన్ అప్‌గ్రేడ్ డబ్బులు ఈ లైట్ మీద పెట్టడం బెటర్. రా ఫార్మాట్‌లో తీస్తే ఇంకో సుఖం: ఎడిటింగ్‌లో ఆ తెల్ల అనిమోనీ మీద వైట్ బ్యాలెన్స్ పికర్ పెడితే చాలావరకు రంగులు దారిలో పడతాయి.

డైవింగ్ సర్టిఫికేషన్ తప్పనిసరి. నీళ్లు చాలా చల్లగా ఉంటాయి, మందపాటి గ్లోవ్స్‌తో బటన్లు నొక్కడం ముందే ప్రాక్టీస్ చేయండి. అలలు పెద్దగా ఉన్న రోజు రాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. సీ లయన్స్‌ని వెంటాడితే అమెరికాలో 1972 నాటి చట్టం ప్రకారం నేరం. అవే వచ్చి చూసిపోతాయి, కదలకుండా ఉండండి.

బయటికొచ్చాక హౌసింగ్‌ని మంచినీళ్లలో నానబెట్టి, తుడిచి, అప్పుడే తెరవండి. మళ్లీ మూసేముందు ఓ-రింగ్ మీద వెంట్రుక ఉందేమో చూడండి. ఒక్కటి చాలు, నీళ్లు లోపలికి రావడానికి.