యంత్రం పలికే సాక్ష్యం, ఉల్లేఖకుని పరీక్ష

ఎవరైనా ఒక వార్త తెచ్చినప్పుడు మనం ముందుగా ఆ మనిషిని చూస్తాం. అతడెవరు, ఎవరి వద్ద విన్నాడు, లోగడ అబద్ధమాడినవాడా, మతిమరుపు గలవాడా అని విచారిస్తాం. కాని అదే వార్త కంప్యూటర్ తెరమీద అంకెల రూపంలో కనిపించగానే మనలో చాలామంది ఆ విచారణను మానుకుంటారు. "కంప్యూటర్‌లో అలా ఉంది" అనే ఒక్క మాటతో బ్యాంకులోను, రేషన్ దుకాణంలోను, ఒక్కొక్కప్పుడు న్యాయస్థానంలో సైతం వాదం ముగిసిపోతున్నది. యంత్రానికి స్వార్థం లేదు, అలసట లేదు, మరపు లేదు. కనుక అది తప్పు చెప్పదని ఒక భావం జనంలో పాతుకుపోయింది.

ఈ భావం ఎంతవరకు సబబు? కంప్యూటర్ శాస్త్రంలో ఆరితేరినవారే దీనిని శంకించారు. వారి శంకకు గల కారణాలను, హదీసు శాస్త్రంతో పరిచయం ఉన్నవారికి అవి కొత్తగా తోచకపోవడానికి గల కారణాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండు షరతులు

హదీసు ఉల్లేఖకునిలో మన పండితులు ముఖ్యంగా రెండు గుణాలను వెదికారు. మొదటిది అదాలత్, అంటే నీతి నిజాయితీలు. రెండవది జబ్త్, అంటే విన్నదానిని చెక్కుచెదరకుండా భద్రపరచి, యథాతథంగా అందించే సామర్థ్యం. ఎంతటి దైవభక్తుడైనా జ్ఞాపకశక్తి బలహీనమైతే అతని ఉల్లేఖనం బలహీనమే. ఎంతటి ధారణాశక్తి ఉన్నా అబద్ధాలకోరు అయితే అతని మాట చెల్లదు. రెండూ కలిసి ఉంటేనే ఆ ఉల్లేఖకుడు విశ్వసనీయుడు.

ఈ పరీక్ష ఒక్కసారితో ముగిసేది కాదు. ఈజిప్టు న్యాయమూర్తి అబ్దుల్లాహ్ ఇబ్ను లహీఅ (మరణం హిజ్రీ 174) సంగతి ఇందుకు నిదర్శనం. ఆయన గ్రంథాలు కాలిపోయాయని, తరువాత జ్ఞాపకం మీద చెప్పిన ఉల్లేఖనాలలో పొరపాట్లు దొర్లాయని విమర్శకులు రాశారు. అందుచేత అంతకు ముందు ఆయన వద్ద గ్రహించినవారి ఉల్లేఖనాలకు హెచ్చు విలువ ఇచ్చారు. మనిషి ఒక్కడే, కాని కాలాన్ని బట్టి అతని స్థాయి మారింది.

ఇట్టి విచారణ కోసం వేలాది ఉల్లేఖకుల జీవిత వివరాలతో మహాగ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో హాఫిజ్ ఇబ్ను హజర్ (రహ్మలై) గారి తహ్‌జీబుత్ తహ్‌జీబ్ 12 సంపుటాలుగా హిజ్రీ 1325-1327 మధ్య ముద్రణ పొందింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్‌లోనే. ఇబ్ను అబీ హాతిమ్ గారి అల్‌జర్హ్ వత్తాదీల్‌ను కూడా 1950ల తొలినాళ్ళలో ఆ సంస్థయే ప్రచురించింది. ఉల్లేఖకుల పరీక్షా శాస్త్రాన్ని ప్రపంచానికి అచ్చువేసి అందించిన నగరం మనది.

ఇప్పుడు కంప్యూటర్ విషయానికి వద్దాం. సాఫ్ట్‌వేర్ అంటే ఒక మనిషి యంత్రానికి రాసిపెట్టిన ఆదేశాల వరుస. అతడు అన్నీ స్వయంగా రాయడు. ఇతరులు రాసినవాటిని తెచ్చి కలుపుతాడు. దానిని మరొకరు పరీక్షిస్తారు, ఇంకొకరు పంపిణీ చేస్తారు, ఒక గుమస్తా అందులో వివరాలు ఎక్కిస్తాడు. చివరకు తెరమీద ఒక అంకె కనిపిస్తుంది. అంటే ఆ అంకె వెనుక ఒక సనదు, ఒక ఉల్లేఖకుల పరంపర ఉన్నది. యంత్రం మాట్లాడుతున్నట్లు కనిపిస్తుంది గాని, వాస్తవానికి ఆ మనుషులే మాట్లాడుతున్నారు. కనుక వారికి కూడా ఆ రెండు షరతులు వర్తిస్తాయి.

జబ్త్ లోపించినప్పుడు

బ్రిటన్ తపాలా సంస్థ 1999 నుండి తన శాఖలలో హొరైజన్ అనే లెక్కల విధానాన్ని ప్రవేశపెట్టింది. దానిని నడిపినది ఫుజిత్సూ సంస్థ. కొద్దికాలానికే అనేక శాఖలలో నగదు తక్కువ ఉన్నట్లు ఆ విధానం చూపసాగింది. తాము పైసా ముట్టలేదని శాఖల నిర్వాహకులు మొత్తుకున్నారు. లోటు పూడ్చడానికి కొందరు ఇళ్ళు తాకట్టు పెట్టారు. 1999, 2015 మధ్యకాలంలో 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు మొదలైన నేరాలకు శిక్షితులయ్యారు. గర్భవతిగా ఉన్న ఒక మహిళ 2010లో జైలుకు వెళ్ళింది. లోపాలు ఉన్నది ఆ లెక్కల విధానంలోనేనని, నిర్వాహకులకు తెలియకుండానే దూరం నుండి వారి శాఖల లెక్కలను మార్చే వీలు ఉండినదని 2019 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. చివరకు 2024లో పార్లమెంటు ఒక చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసింది. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చునని 2025 జులైలో విచారణ సంఘం నివేదిక పేర్కొన్నది.

ఇందులో ఒక చట్ట విషయం గమనార్హం. యంత్రం సక్రమంగా పనిచేస్తున్నదని చూపితేనే కంప్యూటర్ సాక్ష్యాన్ని స్వీకరించాలని ఇంగ్లండులో 1984 నాటి చట్టం చెప్పేది. 1999లో చేసిన మరో చట్టం ఆ నిబంధనను తొలగించింది. దానితో, ఆధారాలతో ఎదురు చెప్పనంతవరకు కంప్యూటర్ సవ్యంగా ఉన్నట్లే భావించడం న్యాయస్థానాల పద్ధతి అయింది. కాని ఎదురు చెప్పడానికి కావలసిన ఆధారాలన్నీ యంత్రం యజమాని చేతిలోనే ఉన్నాయి!

మన ఫిఖ్‌హ్‌లో ఈ సమస్యపై చక్కని చర్చ ఉన్నది. సాక్షి పైకి సజ్జనుడిగా కనిపిస్తే చాలునా, లేక ఖాజీ అతని నడవడిని విచారించాలా? సాధారణ వ్యాజ్యాలలో పైకి కనిపించే నీతి చాలునని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అన్నారు. అయితే ప్రతివాది ఆ సాక్షిని ఆక్షేపిస్తే విచారణ తప్పదన్నారు. హుదూద్, ఖిసాస్ వంటి తీవ్రమైన శిక్షల విషయంలో ఆక్షేపణ లేకున్నా విచారించవలసిందేనన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అన్ని వ్యాజ్యాలలోను రహస్యంగా, బహిరంగంగా విచారణ జరపాలన్నారు. ఫత్వా వీరి అభిప్రాయం పైనే ఉన్నది. హొరైజన్ విషయంలో ప్రతివాదులు ఆక్షేపించారు. శిక్ష జైలు వరకు వెళ్ళింది. అయినా సాక్షిని పరీక్షించవలసినంతగా పరీక్షించలేదు. మనిషికి సైతం ఇవ్వని మినహాయింపును యంత్రానికి ఇచ్చారన్నమాట.

ఇది ఎక్కడో జరిగిన విషయమని మనం నిశ్చింతగా ఉండే వీలులేదు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నోటీసు లేకుండా, కంప్యూటర్ లెక్కను బట్టి కార్డులు తీసివేశారన్నది ఫిర్యాదు. 2016 నుండి రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా 2022లో న్యాయస్థానం ఆదేశించింది. వివిధ శాఖల రికార్డులలోని పేర్లను, చిరునామాలను పోల్చి ఒకే మనిషివని అంచనా కట్టే విధానం రాష్ట్రంలో వాడుకలో ఉండినది. ఒకే పేరు గలవారు వీధికి నలుగురు ఉండే మన బస్తీలలో, ఒకరి కారు మరొకరి ఖాతాలో పడటానికి ఎంతసేపు? పేర్లు కలిసిన ఉల్లేఖకులను ఒకరిని మరొకరుగా పొరబడకుండా వేరుపరచడానికి ఖతీబ్ బగ్దాదీ (రహ్మలై) ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు. పేరు కలిసినంతమాత్రాన మనిషి ఒక్కడు కాడని ఆ పెద్దలు ఎరుగుదురు.

అదాలత్ లోపించినప్పుడు

లెక్క తప్పడం ఒక లోపం, నమ్మకద్రోహం మరొకటి. ప్రపంచమంతటా కోట్లాది ముస్లింలు దించుకున్న ఒక నమాజు వేళల యాప్, వాడుకరులు ఎక్కడ ఉన్నారన్న సమాచారాన్ని ఒక వ్యాపార సంస్థకు అందిస్తున్నదని, అక్కడి నుండి అది అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లకు చేరుతున్నదని 2020 నవంబరులో పత్రికలు బయటపెట్టాయి. ఆ సంబంధాన్ని తెంచుకున్నట్లు యాప్ యాజమాన్యం తరువాత ప్రకటించింది. నమాజు వేళలు సరిగ్గా చెప్పినా అమానతు నిలవలేదు. జబ్త్ ఉన్నంతమాత్రాన అదాలత్ ఉన్నట్లు కాదు.

ఇంతకన్న లోతైన ఉదాహరణ 2024లో వెలుగుచూసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించి భద్రపరచే చిన్న పరికరం. ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లను నడిపించే లినక్స్ వ్యవస్థలలో అది అంతర్భాగం. దానిని ఏళ్ళ తరబడి జీతం లేకుండా సాకుతూ వచ్చినవాడు ప్రధానంగా ఒకే ఒక వ్యక్తి. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సహాయానికి వచ్చారు. రెండేళ్ళకు పైగా ఓపికగా, మర్యాదగా పనిచేశారు. అలసిపోయిన నిర్వాహకునిపై, బాధ్యత ఇతరులకు అప్పగించమంటూ మరికొన్ని అపరిచిత పేర్ల నుండి ఒత్తిడి వచ్చింది. క్రమంగా కొత్త ప్రతులను విడుదల చేసే అధికారం జియా టాన్‌కు దక్కింది. 2024 తొలినాళ్ళలో వెలువడిన రెండు ప్రతులలో ఒక దొంగదారి చేరింది. దాని తాళం ఉన్నవాడు ఎవరి సర్వర్‌లోనికైనా దూరం నుండి చొరబడగలడు.

అందరికీ తెరిచి ఉంచిన మూలంలో ఆ కుట్ర పూర్తిగా కనిపించదు. పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళలో దానిని దాచారు. దానిని మేల్కొలిపే భాగాన్ని పంపిణీ ప్రతిలో మాత్రమే చేర్చారు. సనదులోని లోపాన్ని కప్పిపుచ్చి, పైకి అంతా సవ్యంగా ఉన్నట్లు చూపడాన్ని మన విమర్శకులు తద్‌లీస్ అన్నారు. ఇది అట్టిదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లో ప్రవేశానికి అర సెకను ఆలస్యం కావడాన్ని గమనించి, కారణం వెదుకుతూ పోయి 2024 మార్చి 29న ఈ సంగతిని లోకానికి తెలియజేశాడు. అప్పటికి అది ప్రయోగదశలోని ప్రతులకే చేరినందున పెద్ద ప్రమాదం తప్పింది.

జియా టాన్ ఎవరో నిర్ధారణ కాలేదు. ముఖం చూసినవారు లేరు, పరిచయం చెప్పే పెద్దలు లేరు. మన పరిభాషలో మజ్‌హూల్, అపరిచిత ఉల్లేఖకుడు. రెండేళ్ళ మంచి పనిని చూసి లోకం అతనిని నమ్మింది. పైకి కనిపించే మంచితనాన్నే పూర్తి పరిచయంగా ఎంచరాదని ముహద్దిసులు పట్టుబట్టిన కారణం ఇక్కడ బోధపడుతుంది.

అనువాదకుడే మోసగిస్తే?

మరి మూలాన్ని అక్షరం అక్షరం చదివి చూసుకుంటే చాలదా? చాలదని కెన్ థాంప్సన్ 1984లోనే నిరూపించాడు. యూనిక్స్ వ్యవస్థ నిర్మాతలలో ఒకడైన ఆయన, ట్యూరింగ్ పురస్కారం స్వీకరిస్తూ ఇచ్చిన ఉపన్యాసంలో ఈ విషయాన్ని చర్చించాడు.

మనిషి రాసిన ఆదేశాలు యంత్రానికి నేరుగా అర్థం కావు. వాటిని యంత్రభాషలోనికి మార్చే మరో సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాని పేరు కంపైలర్. అది అనువాదకుడి వంటిది. నేను అరబ్బీ, ఉర్దూల నుండి తెలుగులోనికి అనువదించే పనిలో ఉన్నవాణ్ణి కనుక థాంప్సన్ మాట నాకు సూటిగా తగిలింది. అరబ్బీ రాని పాఠకుడు నా తెలుగునే నమ్ముతాడు. నేను ఒక వాక్యం చొప్పిస్తే, మూలగ్రంథాన్ని ఎందరు పండితులు పరిశీలించినా అందులో తప్పు దొరకదు. తప్పు మూలంలో లేదు, నా వద్ద ఉన్నది. థాంప్సన్ చూపినది ఇదే. కంపైలర్ ఒక దొంగదారిని తానే చొప్పించగలదు. అంతేకాదు, మరో కొత్త కంపైలర్‌ను తయారు చేసేటప్పుడు దానికి కూడా ఆ దుర్గుణాన్ని అంటించగలదు. అప్పుడు ఏ మూలంలోను దాని జాడ ఉండదు. కనుక మూలాన్ని చదవడం ఒక్కటే చాలదు. దానిని రాసినవారి మీద కూడా నమ్మకం ఉండాలన్నది ఆయన తేల్చిన విషయం.

పరిష్కారం ఏమిటి?

ఈ చిక్కుకు కంప్యూటర్ పండితులు కనిపెట్టిన మార్గాలలో ఒకటి మనకు పాతదే. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు కంపైలర్ల ద్వారా ఒకే మూలాన్ని నడిపించి, ఫలితాలను పోల్చి చూసే పద్ధతిని డేవిడ్ వీలర్ 2005లో వివరించాడు. ఒకే మూలం నుండి వేరువేరు చోట్ల తయారైన ప్రతులు అక్షరం తేడా లేకుండా ఒకటి కావాలని మరికొందరు కృషి చేస్తున్నారు. ఒక హదీసు వచ్చిన మార్గాలన్నిటిని సేకరించి, పోల్చి, ఒంటరిగా నిలిచిన మాటను గుర్తించడాన్ని మన పండితులు ఇఅతిబార్ అన్నారు.

సామాన్యులమైన మనం చేయగలిగినది కూడా ఉన్నది. మసీదు కమిటీ లెక్కను, జకాతు నిధి లెక్కను కంప్యూటర్‌లో ఉంచినా చేతిరాత పుస్తకం ఒకటి, ఇద్దరి సంతకాలు ఉండాలి. అప్పు లావాదేవీలను రాసుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని దివ్య ఖుర్ఆన్ తన సుదీర్ఘమైన ఆయతులో బోధించింది; రాతతోపాటు సాక్షులను సైతం కోరింది. యాప్‌కు కొత్త ప్రతి వచ్చినప్పుడు, అది నిన్నటి ఉల్లేఖకుడే అయినా నిన్నటి స్థితిలోనే ఉన్నాడా అని ఆలోచించాలి. అన్నిటికంటె ముఖ్యం, తెరమీది అంకెను చూపి ఎవరి మీదనైనా నింద వేసేముందు అతని మాట వినాలి. పైసా ముట్టలేదని మొత్తుకునే కోశాధికారి నిజమే చెబుతూ ఉండవచ్చు.

అయితే శంక పేరిట అన్నిటినీ తిరస్కరించడం కూడా మన మార్గం కాదు. హుజురాత్ సూరా ఆరవ ఆయతు వార్తను విచారించుకోమని ఆదేశిస్తున్నది. తెలియక ఒక వర్గానికి హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తున్నది. అదే సూరా పన్నెండవ ఆయతు అనుమానాలలో మునిగిపోవడాన్ని వారిస్తున్నది. విచారణ వేరు, దురనుమానం వేరు. ముహద్దిసులు ఉల్లేఖకులను పరీక్షించినది హదీసులను పారవేయడానికి కాదు, నమ్మదగినవానిని నిశ్చింతగా నమ్మడానికి. యంత్రాల విషయంలోను మనకు కావలసినది ఆ దృష్టియే. అల్లాహ్ మనకు నిజాన్ని నిజంగా చూపి, అమాయకుల మీద నింద మోపకుండా కాపాడుగాక! ఆమీన్.