పావు చుట్టుతో ఆగే గ్యాస్

గ్యాస్‌ను ఆపడానికి పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. ఈ కిటుకు వయసు రెండు వేల ఏళ్ల దాకా ఉంటుంది. రోమన్లు నీటి గొట్టాలకు కంచు బిరడాలు పెట్టారు. బిరడాలోని రంధ్రం గొట్టం దారిలోకి వస్తే నీరు పారేది, పక్కకు తిరిగితే ఆగేది. 1812లో మొదలైన లండన్ గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీ బొగ్గు గ్యాస్‌ను వీధుల్లోకి తెచ్చినప్పుడు కూడా ఈ సూత్రమే పనికొచ్చింది. తర్వాత బిరడా స్థానంలో రంధ్రమున్న గుండు వచ్చింది. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ దాని చుట్టూ చేరాక బాల్ వాల్వ్ తేలిగ్గా తిరుగుతూనే కారకుండా బిగిసింది. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

ఉక్కు కర్మాగారాలకు ఆ గుర్తు చాలలేదు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో వాసన లేని విషం, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అందుకే పెద్ద గ్యాస్ లైన్లకు గాగుల్ వాల్వ్ పెడతారు. కళ్లద్దాల్లా ఉండే పలకకు ఒక కన్ను తెరిచి, రెండోది మూసి ఉంటుంది. లైన్‌లో ఏ కన్ను ఉందో దూరం నుంచే తెలుస్తుంది. మరమ్మతు వేళ వాల్వ్‌కు తాళం, ట్యాగ్ పడతాయి.

అలాంటి కర్మాగారమున్న టాటా ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌ను ఆనుకునే ఉంది జుగ్సలాయి పట్టణం. ఇప్పుడు గ్యాస్ ఇళ్లలోకీ వస్తోంది. 2016 అక్టోబరులో ప్రారంభమైన ఊర్జా గంగా పథకంలో, పైపు గ్యాస్ అందాల్సిన ఏడు నగరాల్లో జంషెడ్‌పూర్ ఒకటి. కింద దుకాణాలు, పైన కాపురాలు ఉండే భవనంలోకి పైపు వచ్చిందంటే మీటరు దగ్గర, పొయ్యి దగ్గర, అంతస్తులకు ఎక్కే గొట్టం దగ్గర వేర్వేరు వాల్వులుంటాయి. గాలిలో సహజవాయువు 5 నుంచి 15 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. అప్పుడు ఏ వాల్వ్ ఏ ఇంటిదని వెతుక్కునే వ్యవధి ఉండదు.

అందుకే ప్రతి వాల్వ్ పక్కన, పిడి మీద కాకుండా గోడ మీద, చెరగని పలక ఉండాలి. ఏ ఫ్లాట్లకు వెళ్తుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో బాణం గుర్తుతో, అక్కడివాళ్లు చదివే భాషలో, కంపెనీ అత్యవసర నంబరుతో రాయాలి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకండి, వాల్వ్ మూసి బయటికి రండి, మళ్లీ తెరిచే పని కంపెనీవాళ్లకే వదిలేయండి. విజయవాడైనా, హైదరాబాదైనా, జుగ్సలాయైనా మీ భవనంలో ఆ పలక లేకపోతే ఈ వారమే రాయించండి.