ఒకే చాప మీద కూర్చున్న వీరులు

పల్నాటి యుద్ధంలో గెలిచిందెవరని అడిగితే కథ బాగా తెలిసినవాళ్లు కూడా కాసేపు తడుముకుంటారు. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, గురజాల నలగామరాజు పక్షమూ అతని సవతి తమ్ముడు మాచర్ల మలిదేవరాజు పక్షమూ తలపడ్డాయి. రెండు వైపులా పేరున్న వీరులంతా నేలకొరిగారు. మాచర్ల పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడు చివరకు నలగామరాజుకే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ చెబుతుంది. ఆ పోరుతో తీరాంధ్రాన్ని ఏలుతున్న వెలనాటి చోళుల బలం ఉడిగింది, అక్కడికి కాకతీయులకు దారి దొరికింది. ఎవరికీ ఏమీ మిగల్చని యుద్ధమిది. అయినా ఎనిమిది వందల ఏళ్లుగా దాన్ని పాడుకుంటూనే ఉన్నారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి శౌర్యమే అందుకు కారణమని బడి పుస్తకాలు మనకు నేర్పాయి. అది సగం జవాబే. శౌర్యవంతులకు మన చరిత్రలో కొదవేమీ లేదు, వాళ్లలో చాలామంది పేర్లు శాసనాల రాళ్ల మీదే ఉండిపోయాయి. పల్నాటి వీరులు జనం నోట నిలిచింది వాళ్లు ఎవరిని చంపారన్నదాన్ని బట్టి కాదు, ఎవరితో కలిసి తిన్నారు, ఎవరి పక్కన చచ్చారన్నదాన్ని బట్టి. వీళ్ల కథ చెప్పే కావ్యం వీరత్వాన్ని కొలిచే కొలత పొత్తు.

ఇది ఎంత అరుదైన కొలతో తెలియాలంటే ప్రపంచంలోని ఇతర వీరకావ్యాల వైపు ఒకసారి చూడాలి. గ్రీకుల ఇలియడ్‌లో యుద్ధం వద్దు, ఇళ్లకు పోదామని నోరు విప్పిన థెర్సైటీస్‌ను ఒడీసియస్ రాజదండంతో బాదుతాడు. తోటి సైనికులు పగలబడి నవ్వుతారు. ఆ కావ్యంలో గౌరవం రాజులకూ రాజపుత్రులకూ మాత్రమే దక్కుతుంది, మిగతావాళ్లు చచ్చేది వాళ్ల కీర్తి కోసం. ఫ్రెంచి వీరగాథలో రోలాండ్‌తో కలిపి పన్నెండుగురు వీరులూ కులీనులే. మన భారతం ఏకలవ్యుడి బొటనవేలు తీసుకుంది, కర్ణుడిని కులం అడిగి నిలబెట్టింది. ఆ అన్యాయాలను దాచకుండా చెప్పడం వ్యాసుడి గొప్పతనమే, కానీ వాళ్లు పాండవుల పంక్తిలో కూర్చోలేకపోయారన్నదీ నిజమే.

పల్నాటి కథలో ఆ పంక్తే మారిపోతుంది. బ్రహ్మనాయుడు వెలమ నాయకుడు, వైష్ణవ భక్తుడు. మాల కులానికి చెందిన కన్నమదాసును పెద్దకొడుకుగా స్వీకరించి సేనాని పదవి ఇచ్చాడు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. మాచర్ల చెన్నకేశవుడి గుడి తలుపులు అందరికీ తెరిచాడని పల్నాడు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అతని కొడుకు బాలచంద్రుడు అన్నదమ్ములుగా భావించి వెంట తీసుకెళ్లినవాళ్లలో బ్రాహ్మణుడు ఉన్నాడు, మంగలి, చాకలి, కుమ్మరి ఉన్నారు. కోడిపందెంలో ఓడి, ఏడేళ్లు రాజ్యం విడిచి అడవుల పాలై, రాయబారం వెళ్లిన అలరాజును విషప్రయోగంలో పోగొట్టుకుని, చివరకు కారెంపూడి చేరింది ఈ గుంపే. అంతఃపుర కలహంతో మొదలైన కథ రణక్షేత్రానికి వచ్చేసరికి ఒక ఊరి కథ అయింది.

ఈ ఆదర్శాన్ని కావ్యం పొగిడి ఊరుకుంటే ఇంత మాట్లాడుకోవలసిన పని లేదు. తన వీరుల చేతనే దాన్ని పరీక్షకు పెట్టడంలో దాని సత్తా ఉంది. అనపోతు ఘట్టం చూడండి. అనపోతు బ్రాహ్మణుడు, బాలచంద్రుడికి ప్రాణమిత్రుడు. యుద్ధంలో అతను చనిపోతే బ్రహ్మహత్య తనకు చుట్టుకుంటుందని బాలచంద్రుడికి భయం పట్టుకుంటుంది. ఏదో మరిచిపోయానన్న నెపంతో దారిలోంచే అతన్ని తన భార్య మాంచాల దగ్గరికి వెనక్కి పంపి, మిగతావాళ్లతో ముందుకు సాగిపోతాడు. అనపోతు తిరిగి వచ్చేసరికి మిత్రులు లేరు, ఇంటికి వెళ్లిపొమ్మని రాసి పెట్టిన జాబు మాత్రం ఉంది. అది చదివి అతను అక్కడే ప్రాణం తీసుకుంటాడు. మాంచాల భర్తను, తల్లి అయితాంబ కొడుకును యుద్ధానికి సాగనంపే ఘట్టాలు ఎంత ప్రసిద్ధమైనా, నా లెక్కలో ఈ కావ్యానికి గుండె ఇదే. ఒకే చాప మీద అన్నం తిన్న స్నేహితుణ్ణి చావు దగ్గరికి వచ్చేసరికి కులం పేరుతో విడదీశాడు బాలచంద్రుడు. ప్రేమతోనే చేశాడు, పాపభీతితో చేశాడు. కానీ అనపోతుకు అది అవమానం. బతికిపోవడం అతనికి వరం కాలేదు, వెలి అయింది. అన్నంలో సమానమైనవాణ్ణి మరణంలో కూడా సమానుణ్ణి చెయ్యకపోతే ఆ సమానత్వం నిలవదని కావ్యం ఒక శవాన్ని చూపించి చెబుతుంది. తన ముద్దుల వీరుడినే తప్పులో నిలబెట్టగల ధైర్యం చాలా వీరగాథలకు లేదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలికైనవి కావు. పల్నాటి కథ భారతానికి నకలు అన్నది మొదటిది. జూదం స్థానంలో కోడిపందెం, వనవాసం, రాయబారం, అభిమన్యుడి బదులు బాలచంద్రుడు అంటూ పోలికలు ఏకరువు పెడతారు. పోలికలు నిజమే. భారతం వింటూ పెరిగిన గాయకులు ఆ అచ్చులోనే తమ కథను పోసుకోవడం సహజం. అయితే అచ్చు ఒకటే అయినా పోసిన లోహం వేరు. భారతంలో కన్నమదాసుకు సాటి వచ్చే పాత్రను ఎవరూ చూపించలేరు. రెండోది చరిత్రకారుల సందేహం: పన్నెండో శతాబ్దిలో నిజంగా చాపకూడు జరిగిందా, ఇదంతా తర్వాతి వాళ్ల కల్పనా అని. ఈ కథను ద్విపదలో రాసిన శ్రీనాథుడు యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్లకు పైబడిన తర్వాతివాడు కాబట్టి ఈ సందేహానికి చోటుంది. కానీ వీరకావ్యం సాక్ష్యం ఇచ్చేది జరిగినదానికి కాదు, జనం దేన్ని గౌరవించదలుచుకున్నారో దానికి. చాపకూడు కల్పనే అయితే, అలాంటి కల్పనను తరతరాలు కాపాడుకున్న సమాజం గురించి అది మరింత గట్టిగా మాట్లాడుతుంది. పైగా దాన్ని కాపాడింది ఎవరు? కారెంపూడి పరిసరాల్లో ఈ కథను పంబ మోగుతుండగా పాడే వీరవిద్యావంతులు మాల కులస్థులు. కన్నమదాసు పక్కకు జరిగిపోకుండా కథ నడుమ నిలవడంలో ఆ గొంతుల పాత్ర ఉంది. శ్రీనాథుడి చేతికి రాకముందు నుంచీ ఈ కథ గాయకుల సొత్తే. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల గాథ పాడటాన్ని క్రీడాభిరామం అనే కావ్యం వర్ణించింది కూడా.

మూడో అభ్యంతరం దగ్గర మాత్రం నేను ఈ కావ్యాన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. అది నాగమ్మ విషయం. రాజవంశపు అండ లేకుండా గురజాల కొలువులో మంత్రి స్థానానికి ఎదిగిన స్త్రీని కావ్యం కుట్రకు మారుపేరుగా చిత్రించింది. ఆమె చేసిన రాజనీతినే మగ మంత్రి చేసి ఉంటే చాణక్యం అని మెచ్చుకునేవాళ్లం. కులాల గోడను దాటిన చాప స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఇరుకైపోయింది. మాంచాలకు, అయితాంబకు, అలరాజు వెంట చితికెక్కిన అతని భార్య పేరిందేవికి కీర్తి దక్కింది కానీ, అదంతా మగవాడి వీరత్వానికి తోడు నిలిచినందుకే. ఇంత చేసినా నాగమ్మను కావ్యం చిన్నది చెయ్యలేకపోయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ తన నాటకానికి ‘నాయకురాలు’ అనే పేరు పెట్టారు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్రను తెర మీద ఏలారు.

ఈ కథ పల్నాటి కక్షలకు ఆజ్యం పోసిందని, కత్తిని పూజించడం నేర్పిందని అనేవాళ్లూ ఉన్నారు. కారెంపూడి వీరుల తిరునాళ్లను శ్రద్ధగా గమనిస్తే ఆ మాట నిలవదు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరిగే ఆ ఉత్సవంలో రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. గెలుపు పేరు మీద ఒక్క రోజు కూడా లేదు. మందపోరు రోజున చాపకూడు పెడతారు. వీరుల ఆయుధాలను వాళ్ల వారసులమని చెప్పుకునే అన్ని కులాలవాళ్లూ అక్కడికి తెస్తారు.

అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుడి ద్విపదను అచ్చు వేయించి ఈ కథను చదువుకున్నవాళ్ల ముందుకు తెచ్చారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ గాయకుల నోట విన్న కథను ఆధారం చేసుకుని 1982లో ఇంగ్లిషులో పుస్తకం ప్రచురించారు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథల మీద పెద్ద పరిశోధనే చేశారు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో బాలచంద్రుడి కత్తికి దొరికిన చోటు అనపోతు జాబుకు దొరకలేదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వీరవిద్యావంతుల పాఠాలను వాళ్లు పాడినంత నిడివిగా, పాడినవాళ్ల పేర్లతో సహా రికార్డు చేసి తెలుగులోనే ప్రచురించాలి. ఆ గాయకులు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.