వెలుగు గీసిన బొమ్మ నిలిచిందెలా?

తెల్ల చొక్కా మీద పప్పో కూరో ఒలికి పసుపు మరక పడటం మీకు కొత్త కాదు. సబ్బు పెట్టి రుద్దితే ఆ మరక ఎర్రబడుతుందే గాని వదలదు. అమ్మ మాత్రం కంగారుపడదు. చొక్కా ఉతికి ఎండలో ఆరేస్తుంది. సాయంత్రానికి మరక చాలావరకు మాయమవుతుంది. దాన్ని పోగొట్టింది సబ్బు కాదు, సూర్యకాంతి! కాంతి కొన్ని పదార్థాలలో రసాయనిక మార్పు తెస్తుంది. ఫోటోగ్రఫీ పుట్టింది ఇందులోనుంచే. మీరే ఒక ప్రయోగం చేసి చూడండి.

పసుపు గుడ్డ మీద వేపరెమ్మ

పాత తెల్లని నూలుగుడ్డ ముక్కను పసుపు నీళ్లలో ముంచి, పిండి, నీడలో ఆరబెట్టండి. దానిని అట్ట మీద పరచి, పైన ఒక వేపరెమ్మ ఉంచండి. రెమ్మ కదలకుండా పైన గాజుపలక పెట్టి మంచి ఎండలో వదిలేయండి. ఎండ తీవ్రతను బట్టి కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో పడుతుంది. తర్వాత రెమ్మ తీసి చూడండి. ఎండ సోకిన చోట గుడ్డ వెలిసిపోయి ఉంటుంది. రెమ్మ కింద పసుపు అలాగే ఉంటుంది. కెమెరా లేకుండానే బొమ్మ తయారయింది!

ఆ బొమ్మను బయటికి తెచ్చి అందరికీ చూపిస్తూ ఉంటే ఏమవుతుంది? మిగిలిన పసుపు కూడా క్రమంగా వెలిసి, బొమ్మే పోతుంది. చీకట్లో దాస్తే నిలుస్తుంది. కాని చీకట్లో చూడటమెలా?

సరిగ్గా ఈ చిక్కే ఒకప్పుడు శాస్త్రజ్ఞులను కూడా వేధించింది.

నీడలో చూసిన బొమ్మలు

ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ అనే యువకుడు కాగితానికి, తెల్లని తోలుకు సిల్వర్ నైట్రేటు ద్రావణం పూశాడు. ఇది ఒక వెండి లవణం. పసుపు ఎండకు వెలిస్తే, ఇది నల్లబడుతుంది. దానిమీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే, చుట్టూ నల్లబడి మధ్యలో తెల్లని ఆకుబొమ్మ మిగిలింది. అయితే పగటి వెలుగు తగిలితే ఆ తెల్లని భాగం కూడా నల్లబడిపోయేది. అందువల్ల ఆ బొమ్మలను నీడలోనో, దీపం వెలుగులోనో చూడవలసి వచ్చింది. ఆయన మిత్రుడు హంఫ్రీ డేవీ 1802లో ఈ ప్రయోగాలను ప్రచురించాడు. బొమ్మ నిలిచే ఉపాయం మాత్రం వారికి దొరకలేదు. వెడ్జ్‌వుడ్ 1805లో మరణించాడు.

ఇరవై ఏళ్లు ఆగిన జవాబు

1819లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు సోడియం థయోసల్ఫేటు అనే పదార్థం వెండి లవణాలను కరిగిస్తుందని కనుగొన్నాడు. దీనినే 'హైపో' అంటారు. వెడ్జ్‌వుడ్‌కు కావలసింది ఇదే. కాని ఈ రెండు సంగతులను ఎవరూ కలిపి చూడలేదు.

ఈలోగా ఫ్రాన్సులో నియెప్స్ మరో దారి తొక్కాడు. లోహపు పలకకు ఒక రకం తారు పూసి కెమెరాలో పెట్టాడు. కాంతి సోకిన చోట తారు గట్టిపడింది. గట్టిపడని భాగాన్ని కడిగివేశాడు. 1826-27 ప్రాంతంలో ఆయన తన కిటికీ నుంచి అలా తీసిన దృశ్యం నేటికీ నిలిచి ఉంది. అయితే ఆ పలకను గంటల తరబడి కాంతికి తెరచి ఉంచవలసి వచ్చింది.

1839 జనవరిలో ఫ్రాన్సు నుంచే మరో వార్త వచ్చింది. డాగ్యూర్ అనే చిత్రకారుడు వెండి పూత గల రాగి పలక మీద ఛాయాచిత్రాలు తీశాడట! పద్ధతి ఏమిటో అప్పటికి తెలియదు. వార్త విన్న హెర్షెల్‌కు తన పాత హైపో గుర్తుకు వచ్చింది. బొమ్మ పడిన కాగితాన్ని అందులో ముంచాడు. కాంతి సోకని వెండి లవణం కరిగిపోయింది. నల్లబడిన వెండి మాత్రం మిగిలింది. ఇక ఎంత వెలుగు తగిలినా నల్లబడటానికి లవణమే లేదు. బొమ్మ నిలిచింది!

డాగ్యూర్ పద్ధతిలో ఒక పలకకు ఒకే బొమ్మ. ఇంగ్లండులోని టాల్బట్ కాగితం మీద 'నెగటివ్' తీసి, దానినుంచి ఎన్ని ప్రతులైనా అచ్చువేసే మార్గం చూపాడు. ఆ తర్వాత ఫిల్ము ఫోటోగ్రఫీ చాలావరకు ఈ దారినే నడిచింది.

దృశ్యాన్ని పెట్టెలోకి దింపడం

ఆకునంటే గుడ్డ మీద పెట్టాం. చెట్టునంతటినీ పెట్టలేం కదా! ఆ పని చేసేది కెమెరా. బూట్ల పెట్టె ఒకటి తీసుకోండి. ఒక చివర సూదితో బెజ్జం చేయండి. ఎదుటి చివర కోసివేసి, నూనె రాసిన పలుచని కాగితం అంటించండి. ఇతర సందుల నుంచి వెలుగు చొరకుండా మూత బిగించండి. తలమీద దుప్పటి కప్పుకుని, బెజ్జాన్ని ఎండలో ఉన్న చెట్టువైపు తిప్పండి. సూర్యుడివైపు మాత్రం తిప్పకండి. కాగితం మీద చెట్టు తలక్రిందులుగా కనిపిస్తుంది. కాంతి తిన్నగా ప్రయాణిస్తుంది కనుక, చెట్టు కొన నుంచి వచ్చిన కిరణం బెజ్జం దాటి కిందికి పోతుంది. మొదలు నుంచి వచ్చినది పైకి పోతుంది. బెజ్జం పెద్దది చేస్తే బొమ్మకు వెలుగు పెరుగుతుంది గాని స్పష్టత తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికే కెమెరాలో కటకం పెడతారు.

ఇప్పటి ఫోన్ కెమెరాలోనూ కటకం ఉంది. ఫిల్ముకు బదులు లోపల చిన్న పలక ఉంటుంది. కాంతి దానిలో విద్యుదావేశం పుట్టిస్తుంది. ఆ ఆవేశాన్ని కొలిచి, అంకెలుగా మార్చి దాచుకుంటారు. 1975లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద దాచడానికి 23 సెకన్లు తీసుకుంది.

మీరు నేర్చుకోవడానికి ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఇంట్లోవారి ఫోన్ అడగండి. పెరట్లోని ఒక బిందెను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకేచోట నిలబడి తీయండి. నీడ ఎటు పడింది, బిందె గుండ్రదనం ఏ వేళ బాగా తెలిసింది అన్నది నోటుపుస్తకంలో రాసుకోండి. వెలుగును చూడటం తెలిస్తే ఫోటో తీయడం సగం వచ్చినట్లే.

ఆ పసుపు గుడ్డను మాత్రం పుస్తకంలో పెట్టి దాచండి. దానికి ఇంకా హైపో దొరకలేదు!