పుత్రశోకము - పాఠకహృదయము

పదునొకండేండ్ల బాలుడొకడు 1596లో ఇంగ్లండునందలి స్ట్రాట్‌ఫర్డు పట్టణమున మరణించెను. ఆగస్టు 11వ తేదిని అతనిని ఖననము చేసినట్లు చర్చి రిజిస్టరులో ఒక్క పంక్తి గలదు. మరణకారణము అందు లేదు. తల్లి దుఃఖము అంతకన్న లేదు. బాలుని పేరు హామ్నెట్. తండ్రి షేక్‌స్పియరు మహాకవి. కొలది సంవత్సరముల పిదప ఆయన రచించిన విషాదనాటకమునకు "హామ్లెట్" అని పేరు. ఆనాడు ఆ రెండు పేర్లును ఒక్కటిగనే చెల్లుచుండెడివి.

ఆ పంక్తి వెనుకనున్న యింటిని, ఉత్తర ఐర్లండున జన్మించిన రచయిత్రి మ్యాగీ ఒఫారెల్ తన "హామ్నెట్" నవలలో నిర్మించెను. ఇందు మహాకవి పేరు ఒక్కచోటనైనను రాదు. అతడు భర్త, తండ్రి, అంతియే. కథకు కేంద్రము తల్లి ఏగ్నెస్. కవలసోదరి జూడిత్‌నకు మహామారి సోకగా, బాలుడామె ప్రక్కన పరుండి, మృత్యువును మోసగింపనెంచి, ఆమెకు మారుగా తాను పోవును.

ఈ నవల 2020 మార్చిలో వెలువడెను. అప్పటికి ఇంగ్లండున కరోనా వలన ఇండ్ల తలుపులు మూతపడియుండెను. నాలుగు శతాబ్దులనాటి జ్వరకథను జనులు తమ యింటి కథగా చదువుకొనిరి. ఆ యేడే దానికి విమెన్స్ ప్రైజు లభించెను. 2025లో చలనచిత్రముగను వచ్చెను.

అయినను చదువరులందరు ఏకాభిప్రాయులు కారు. బాలుడు మహామారితో మరణించెననుటకు ఆధారమేదని చరిత్రాభిమానులు ప్రశ్నింతురు. వర్ణనలు కథను నిలిపివేయుచున్నవని కొందరందురు. పసిబిడ్డ మరణమును చూపి కన్నీరు రాబట్టుట సులభమని మరికొందరి యాక్షేపణ. ఈ మూడవ మాట తోసివేయదగినది కాదు. అయితే ఈ నవలలో గణనీయమైన భాగము మరణానంతరమే నడచును. శవమును కడుగుట, అంగీని దాచుకొనుట, పనికై లండను వెడలిన భర్తపై కోపము - సులభముగా ఏడిపింపదలచిన రచయిత ఇంతదూరము నడువడు.

తరగతిలో ఈ కథ చెప్పుటకు నేను జంకితిని. 2021లో తల్లిని కోల్పోయిన విద్యార్థిని యొకతె ముందు వరుసలో నుండెను. భర్త పోయిన స్త్రీకి, తల్లిదండ్రులు పోయిన బిడ్డకు పేర్లున్నవే, తోడబుట్టిన కవల పోయినవారికేమి పేరని జూడిత్ తల్లినడుగు ఘట్టము వచ్చినది. నేను ఆగితిని. ఆ బాలిక, "చెప్పండి మాస్టారూ. మా తమ్ముడు కూడా ఇలాంటివే అడుగుతాడు. నాకు జవాబు తెలియదు. వాళ్లమ్మకూ తెలియదన్నమాట" అన్నది. నా జంకు ఆ పిల్లకొరకు కాదనియు, నాకొరకే యనియు నప్పుడు తెలిసినది.

భవభూతి "ఉత్తరరామచరితము" సప్తమాంకమున శ్రీరాముడు సీతాకథను నాటకముగా చూచి మూర్ఛిల్లును. ఒఫారెల్ నవల చివర ఏగ్నెస్ లండను నాటకశాలలో నిలిచి, తన కుమారుని పేరుగల యువకుని రంగమున చూచును, ప్రేతపాత్రలో తండ్రి. బిడ్డ మరణమును తాను గైకొని, బిడ్డను బ్రతికించుటకే భర్త యీ నాటకము వ్రాసెనని ఆమె గ్రహించును. రామునకు సీత తిరిగివచ్చినది. ఏగ్నెస్‌నకు కొడుకు రాడు. భర్త దుఃఖము మాత్రము తెలిసినది. వేర్వేరుగా ఏడ్చిన యిద్దరు ఒకరినొకరు గుర్తించిరి.

తమ్ముని ప్రశ్నకు జవాబు లేకపోయినను, ఆ బాలిక పుస్తకమును ఇంటికి కొనిపోయినది. ఇంకను తిరిగి ఈయలేదు. నేను అడుగలేదు.