పాడి లేని విందు

మన గుంటూరు సీమలో ఎవరైనను "నేను మాంసము తినను" అన్నచో, విన్నవారు అతని రుచిని గూర్చి ఆలోచింపరు. అతని కులమేదియో లోలోపల లెక్కవేసికొందురు. ఆహారము మనకు తరతరములుగా పుట్టుకతోడనే వచ్చుచున్నది గాని, ఎంచుకొనుట వలన వచ్చినది కాదు. కావుననే కోడికూరతో పెరిగినవాడు ఒకనాడు దానిని విడిచినచో, బంధువులకు "వీడు మనలను తక్కువ చేయుచున్నాడు" అని తోచును. పప్పుకూరలతో పెరిగినవాడు పాలు, పెరుగు, నేయి కూడ మానినచో, ఇంటివారికి "వీనికి ఏదియో పట్టినది" అని తోచును. ఇరువురి కష్టమును ఒక్కటియే. తిండి మారినది, స్నేహము చెడకూడదు. కేవలము మొక్కల నుండి లభించు ఆహారమును మిత్రులతో పంచుకొనుట ఎట్లు అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదట మాటను తేటపఱచుకొందము. మనము శాకాహారమనునప్పుడు పాడి అందులో చేరియే ఉండును. పాడిని సైతము విడిచినవారికి మన భాషలో ప్రత్యేకముగ ఒక పేరు స్థిరపడలేదు. ఇంగ్లండులో 1944వ సంవత్సరము నవంబరు మాసమున డోనాల్డ్ వాట్సన్ అను నాతడు కొందఱు మిత్రులతో కూడి, వెజిటేరియన్ అను పదము యొక్క ఆద్యంతములను మాత్రము తీసికొని "వీగన్" అను క్రొత్తమాటను కల్పించెను. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, వెన్న, తేనె - వీనిలో నేదియు వారికి పనికిరాదు. ఆ మాట నేడు మన పట్టణములలోను వినబడుచున్నది. పేరు పరదేశపుదైనను, ఆ వంటలో సగము మన పొన్నూరు వంటిండ్లలో పూర్వమునుండి ఉన్నదే.

పొన్నూరు చుట్టుప్రక్కల పొలములను చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. కృష్ణ కాలువల నీటితో వరి పండును. వరి కోయుటకు కొలదిదినములు ముందుగ, నిలిచియున్న పైరులోనే మినుము, పెసర చల్లుదురు. వరి కోసిన పిదప నేలలో మిగిలిన తేమతోను, రాత్రి మంచుతోను ఆ పైరు పెరిగి పంటకు వచ్చును. అనగా అన్నము పండిన మడిలోనే పప్పును పండుచున్నది. ఇందు ఒక చక్కని పొందిక కలదు. వరిలో లైసిన్ అను మాంసకృత్తుల అంశము తక్కువ. మినుము, పెసర, కంది మున్నగు పప్పులలో అది సమృద్ధిగ నుండును. పప్పులలో కొఱతగ నుండు మెథియొనిన్ అను అంశమును బియ్యము, నువ్వులు తీర్చును. ఇడ్డెనకు బియ్యమును మినుమును కలిపి రుబ్బిన మన పూర్వులకు ఈ పేరులు తెలియవు; పొత్తు మాత్రము తెలిసినది.

ఇక రుచి మాట. గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, నువ్వులకారము కూరిన గుత్తివంకాయ, కందిపొడి, చింతచిగురు, పులిహోర, పచ్చిపులుసు, అల్లపు పచ్చడితో మినపగారెలు - వీనిలో పాడి ఎచ్చటను లేదు. పాడి వచ్చునది పైపైనుండి. వేడి అన్నముపై వేసిన నేయి, పోపునకు వాడిన నేయి, మిరపకాయలు ఊరవేసిన మజ్జిగ, ఇవి కనబడక వచ్చి చేరును. కందిపొడి అన్నములో నేతికి బదులు కాచిన నువ్వులనూనె కలుపుకొను అలవాటు మన పల్లెలలో నున్నదే. గోంగూరకు అది నేతికంటె బాగుగ నప్పునని నా మతము. పరమాన్నమును కొబ్బరిపాలతో, బెల్లముతో వండవచ్చును. ఐతే పాలతో వండినప్పుడు బెల్లము ముందుగ వేసిన విఱిగిపోవునన్న భయముండును. కొబ్బరిపాలను గూడ అట్లే కడపట పోసి, మరగనీయక దింపవలెను.

ఈ సందర్భమున ఒక మాట. మన మిరపకాయ ఈ నేలది కాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దములో పోర్చుగీసు ఓడలతో మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన కారము మిరియాలది. వేరుసెనగయు దక్షిణ అమెరికా సంతానమే. ఇప్పుడు గుంటూరు పేరు చెప్పగనే దేశమంతట మిరపకాయయే స్ఫురించును. నాలుక మారదనువారు ఈ చరిత్రను ఒకింత తలచుకొందురు గాక.

ఐనను నాలుక మారనిచోటు ఒకటి కలదు, అది పెరుగు. మనకు భోజనము పప్పుతో ఆరంభమై పెరుగుతో ముగియును. పెరుగన్నము తినక లేచినవాడు ఎంత తిన్నను తిననట్లే. నేను పాడి మానిన క్రొత్తలో, పొన్నూరులోని మా యింటికి అయిదుగురు మిత్రులను భోజనమునకు పిలిచితిని. వారిలో ఒకరు బడిపంతులు, ఒకరు మిరపకాయల వ్యాపారి, తక్కినవారు సేద్యగాండ్రు. ముందుగ వారితో ఏమియు చెప్పలేదు. వారిని ఆశ్చర్యపఱుపవలెనని నా కోరిక. వేరుసెనగపప్పు నానవేసి, రుబ్బి, వడకట్టి, కాచి, చల్లార్చి, అందులో మిరపతొడిమలు వేసి పెరుగువలె తోడుపెట్టితిని. అది చూపునకు పెరుగే. సేద్యగాండ్రలో ఒకరు, ఇంట రెండు గేదెలను పోషించు మనుష్యుడు, ఒక ముద్ద నోట పెట్టుకొని, మెల్లగ మ్రింగి, నాపై జాలితో "ఏమండీ, పెరుగు చెడినట్టుంది. మా ఇంటినుంచి తెప్పించమంటారా?" అనెను. తక్కినవారు విస్తరి వంక చూచుచు ఊరకుండిరి.

ఆ రాత్రి నాకు బోధపడినది రెండు విషయములు. మిత్రునికి పెట్టు తిండిని గూర్చి ముందుగ చెప్పక దాచుట తప్పు. తెలిసి తినువాడు క్రొత్తరుచిని పరీక్షించును. తెలియక తినువాడు పాతరుచిని వెదకి, అది లేదని చిన్నబోవును. రెండవది, ఒక వస్తువునకు నకలు చేసి పెట్టుటకంటె, ఆ వస్తువు అక్కఱలేని వంటను పెట్టుట మేలు. వేరుసెనగ పెరుగు అలవాటు పడినవారికి మంచిదే. నేను నేటికిని తినుచున్నాను. తొలి విందులో మాత్రము దానిని పెట్టరాదు. భోజనము చివర చల్లని పచ్చిపులుసు, ఉల్లిపాయముక్కలతో, కాల్చిన మిరపకాయతో పోసినచో, పెరుగు కోరు నోటికి పులుపు అందును.

మహాత్మాగాంధి లండనులో చదువుకొనుచుండగా బేస్వాటరు అను పేటలో శాకాహారుల సంఘమొకటి నెలకొల్పి, దానికి తానే కార్యదర్శియై యుండెను. సర్ ఎడ్విన్ ఆర్నాల్డు ఉపాధ్యక్షుడు. గాంధి ఆ పేట విడిచి వెళ్ళుటతో ఆ సంఘము కొలదినెలలలో ముగిసినది. 1891లో స్వదేశమునకు బయలుదేరుటకు ముందు, హోబర్న్ రెస్టారెంటులో మిత్రులకు విందు చేసెను. అది మాంసము వండు భోజనశాల. అచ్చటనే పూర్తిగ శాకాహారపు విందు ఏర్పాటు చేయించెను. విందు సరసముగ జరిగినది. కాని ఉపన్యసించుటకు లేచినప్పుడు, సిద్ధపఱచుకొన్న చతురోక్తి మఱచిపోయి, వచ్చినందులకు వందనములని మాత్రము చెప్పి కూర్చుండెను. తన బిడియమును గూర్చి ఆయన ఆత్మకథలో నవ్వుచు వ్రాసికొనినది ఇది. నా మట్టునకు, ఆ విందులో వంటయే మాటాడినదనియు, ఉపన్యాసము లేకపోవుట వలన లోటేమియు కలుగలేదనియు తోచుచున్నది. విస్తరి ముందు కూర్చుండబెట్టి గేదెల దుఃఖమును, దూడల ఆకలిని వర్ణించువారిని నేను చూచితిని. వారు చెప్పునది అబద్ధము కాదు. కాని ఆ గేదెపాలు అమ్మియే పిల్లలను చదివించుకొను ఇల్లాలు ఆ పంక్తిలో నుండవచ్చును. ఆమె అడిగిననాడు చెప్పవచ్చును. అడుగకముందు గారెలు వడ్డింపవచ్చును.

అదే గాంధి పాలు మానుటకు 1912లో నిశ్చయించుకొని, 1918లో తీవ్రవ్యాధి పాలై, కడకు మేకపాలు స్వీకరించెను. 1929లో పచ్చితిండి ప్రయోగమును సహచరులతో ఆరంభించి, జబ్బుచేయగా దానిని మానివేసి, ఆ సంగతి తన పత్రికలో దాచక ప్రకటించెను. తిండిని మిత్రులకు బోధించువారు దాని లోపములను గూడ ఇట్లే చెప్పవలెను. మొక్కల తిండిలో నిజమైన లోపమొకటి కలదు. బి-12 విటమిను అనునది సాధారణముగ మొక్కలలో లభింపదు. 1948లో శాస్త్రజ్ఞులు దీనిని వేరుపఱచిరి. దినమునకు మనకు కావలసినది రెండు మూడు మైక్రోగ్రాములు మాత్రమే. ఒక మైక్రోగ్రాము గ్రాములో పది లక్షలవ వంతు. శరీరము కాలేయములో దీనిని కొన్ని సంవత్సరములకు సరిపడ దాచుకొనును. అందువలన పాడి మానినవానికి మొదట ఏ కష్టమును తెలియదు; తరువాత కాళ్ళు తిమ్మిరెక్కుట, నీరసము, మఱపు మెల్లమెల్లగ వచ్చును.

ఇందులో ఒక మాయ కూడ నున్నది. ఆకుకూరలలో ఫోలికామ్లము విస్తారముగ లభించును. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో తన సహచరులతో 1945లో దీని కృత్రిమనిర్మాణమును సాధించిరి. ఫోలికామ్లము పుష్కలముగ నున్నచో, బి-12 కొఱతచే కలుగు రక్తహీనత పైకి తెలియకపోవచ్చును; లోన నరములు మాత్రము చెడుచునే యుండును. కనుక గోంగూర, మునగాకు తిని బలముగ నున్నానని మురియువాడు సైతము బి-12 మాత్రను వైద్యుని సలహాతో తీసికొనవలసినదే. మీ మాట విని మిత్రుడెవరైనను పాడి మానినచో, వంటల పట్టికతో పాటు ఈ మాత్రను గూర్చియు అతనికి చెప్పుడు. గర్భిణులకు, పసిపిల్లలకు మఱింత శ్రద్ధ అవసరము. సున్నపు అంశమునకు రాగులు, నువ్వులు మంచివి. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉండును.

మిత్రులను పిలుచుటకు మన దేశమున అనువైన కాలము కార్తికమాసము. ఉసిరిచెట్టు నీడలో వనభోజనము చేయుట ఆచారము. మాంసము తినువారిలో అనేకులు ఆ నెలలో తమంతట తామే దానిని మానుదురు. కావున ఎవరికిని తమ వస్తువును లాగికొన్నట్లు తోచదు. సగము దారి వారే నడచివత్తురు. మిగిలినది పాడి ఒక్కటియే. కాని వనభోజనములకు ఒక తెగులు పట్టినది. ఫలానా కులమువారి వనభోజనమని ప్రకటనలు వేసి, చెట్టునీడను గూడ పంచుకొనుచున్నారు. ఉసిరిచెట్టుకు లేని కులము దాని క్రింది విస్తరికి ఎందులకో నాకు తెలియదు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తికకేంద్రము స్థాపించిన గోరా, సరస్వతీ దంపతులు అన్ని కులములవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టి భోజనములు పెట్టిరి. ఆ కాలమున అది ఎంత సాహసమో పెద్దలెఱుగుదురు. మొక్కల తిండిని పంచుకొనదలచినవాడు ఈ పంక్తిని మఱవరాదు. లేనిచో ఆయన మానిన మాంసము ఇతరులకు మడివలె కనబడును. ఎంత మంచి కూర వండినను మిత్రునికి మ్రింగుడుపడదు.

కావున మనము పిలిచినంతనే చాలదు, పిలిచినచోటికి పోవలెను. మాంసము వండు ఇంట ఆ గిన్నెలు చూచి ముక్కు మూసికొనువాడు మఱల తన ఇంటికి ఎవరిని పిలువగలడు? నేను వెళ్ళునప్పుడు ముందుదినమే చెప్పి పంపుదును: అన్నము, ఒక పప్పు, పోపు నూనెతో, అంతకుమించి శ్రమపడవద్దని. గేదెలుగల ఆ మిత్రుని ఇంట, ఆయన భార్య విస్తరి వేయుచు "అన్నయ్యగారూ, మీ పప్పుకు వేరే గరిటె పెట్టాను, నెయ్యి తగల్లేదు లెండి" అనెను. ఆ గరిటె నేను కోరలేదు. ఆమె తానుగా పెట్టినది.

మఱుసటి కార్తికమున వనభోజనమునకు ఆ దంపతులు వచ్చిరి. ఆయన ముందుజాగ్రత్తగ ఇంటి పెరుగు ఒక చిన్న గిన్నెలో తెచ్చుకొనెను. నేను ఏమియు ననలేదు. పాకము పట్టిన గారెలు, గోంగూర పప్పు, గుత్తివంకాయ వరుసగ సాగినవి. కడపట పెరుగు గిన్నె మూత తీసి ఆయన అందఱితోపాటు నవ్వుచు కలుపుకొనెను. కాని అంతకు ముందు పచ్చిపులుసు మాత్రము రెండుమారులు అడిగి పోయించుకొనెను.