కొత్త కార్డు వచ్చేదాకా ఆగుదామా?

గోల్నాక, తార్నాక – యీ రెండు పేర్ల చివరనున్న ‘నాకా’ అన్న మాటకు దారిన పోయే బండ్లను ఆపి తనిఖీ చేసే చోటు అని అర్థం. ఆ తనిఖీలు ఎప్పుడో పోయాయి, పేర్లు మిగిలాయి. కాని ఏటా ఇంజనీరింగు కాలేజీలు తెరిచే రోజుల్లో యీ పేటల్లోనూ, వీటి మధ్యనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఇళ్ళల్లోనూ, ఒక్క విషయం దగ్గర మాత్రం బండి ఇప్పటికీ ఆగిపోతూనే వుంటుంది. అబ్బాయికో అమ్మాయికో సీటు వచ్చింది. లాప్‌టాప్ కొనాలి. అదీ మామూలుది కాదు, గేమింగు లాప్‌టాప్. డబ్బు సిద్ధంగా వుంది. తండ్రి చెప్పులు వేసుకుంటూ వుండగా అన్నగారి కొడుకు ఎదురొచ్చి, “ఇప్పుడెందుకు కొంటున్నరు బాబాయ్? ఇంకో ఆర్నెల్లు ఆగుండ్రి. కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తదంట!” అంటాడు.

అంతే. చెప్పులు విప్పి తండ్రి మళ్ళీ కుర్చీలో కూర్చుంటాడు.

ఆ కుర్రవాడి మాట బొత్తిగా కొట్టిపారేయదగింది కాదు. ఒక్కొక్కప్పుడు అతను చెప్పిందే రైటు. ఒక్కొక్కప్పుడు శుద్ధ తప్పు. ఎప్పుడు రైటో, ఎప్పుడు తప్పో తేల్చుకోవడానికి కంప్యూటరు పండితులే కానక్కరలేదు. లక్షకు అటూ ఇటూ పలికే వస్తువు గనక, కొంచెం ఓపిక చేసుకుని దాని లోపలి సంగతి తెలుసుకుంటే చాలు.

తెరమీద బొమ్మ అంటే చుక్కల ముగ్గు. సాధారణమైన లాప్‌టాప్ తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20,73,600. ఆట నడుస్తున్నంతసేపూ సెకనుకు అరవైసార్లు ఆ ముగ్గంతా చెరిపి కొత్తగా వెయ్యాలి. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు ఎంత మేధావి అయినా ఒక్కడే యీ పని చేసుకురాలేదు. పెళ్ళి వంటశాలలో పెద్ద వంటవాడు ఎంత ఘనుడైనా వెయ్యిమందికీ కూరలు తనే తరగలేడు గదా! తరిగేవాళ్ళు మహా మేధావులు కానక్కరలేదు, ఎక్కువమంది వుండాలి. గ్రాఫిక్స్ చిప్పులో అటువంటి చిన్న చిన్న పనివాళ్ళు వేలకొద్దీ వుంటారు. వాళ్ళనే కోర్లు అంటారు. ఎన్విడియా కంపెనీ 2007లో ‘క్యూడా’ అనే సాధనాన్ని విడుదల చేసి, వీళ్ళచేత బొమ్మలే కాదు, లెక్కలూ చేయించవచ్చునని చూపించింది. కృత్రిమ మేధ చదివే విద్యార్థికి గేమింగు లాప్‌టాప్ అక్కరకు వచ్చేది అందుకే. “చదువుకునే పిల్లవాడికి ఆటల యంత్రం ఎందుకురా?” అనే నాయనమ్మ ప్రశ్నకు జవాబు వున్నదన్నమాట. ఆ జవాబు చాటున పిల్లవాడు ఆటలు ఆడడని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు!

పేరు ఒకటే, బలం వేరు

అసలు చిక్కు ఇక్కడున్నది. బల్లమీది కంప్యూటరుకు పెద్ద పెట్టె, పెద్ద ఫ్యాన్లు. అందులో కార్డు పాతబడితే ఊడబీకి కొత్తది తొడగవచ్చు. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పును సాధారణంగా మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించేస్తారు. కొన్ననాడు వచ్చిందే చివరిదాకా. ర్యామ్ అయితే చాలా మోడళ్ళలో తరువాత పెంచుకోవచ్చు. యీ చిప్పును మార్చడానికి లేదు. ఆగుదామా అన్న సంశయం లాప్‌టాప్ కొనేవారిని మరీ పీడించేది ఇందువల్లనే.

2025 జనవరిలో ఎన్విడియా ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5090ని చూడండి. బల్లమీది కంప్యూటరుకు అమ్మే 5090లో 21,760 కోర్లు. అది 575 వాట్ల కరెంటు తాగుతుంది. లాప్‌టాప్‌లో వచ్చే 5090లో 10,496 కోర్లు. ప్రధానంగా దానికి కేటాయించేది 150 వాట్లదాకా. సగానికి తక్కువ కోర్లు, నాలుగోవంతు కరెంటు, పేరు మాత్రం ఒక్కటే! దీన్ని మోసమని నేననను. ‘లాప్‌టాప్ జీపీయూ’ అని పక్కనే రాసి వుంటుంది. చదివేవాళ్ళే తక్కువ.

ఎందుకీ తేడా? తాగిన కరెంటంతా చివరకు వేడిగా మారవలసిందే. 150 వాట్లంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు ఒకటిన్నర. అంత వేడిని వేలెడు మందం లేని పెట్టెలో కుక్కి, రెండు చిన్న ఫ్యాన్లతో బయటికి తోలాలి. కనుక కంపెనీవారు లాప్‌టాప్ చిప్పుకు ఏటేటా కరెంటు పెంచుకుంటూ పోలేరు. వారికి మిగిలిన దారి, అదే వాటుతో మరింత పని చేయించడం. ఆ విషయంలో పెద్ద అంగ పడేది ముఖ్యంగా చిప్పును అచ్చు వేసే పద్ధతి మారినప్పుడు.

ఇది పట్టుకుంటే మిగతాది సులభం. 2016లో ఎన్విడియా 28 నానోమీటర్ల పద్ధతి నుంచి 16 నానోమీటర్ల పద్ధతికి మారింది. ఆ యేడు ఆగస్టులో వచ్చిన జీటీఎక్స్ 10 వరస లాప్‌టాప్‌లు అంతకుముందు వాటిని చాలా దూరం దాటిపోయాయి. ఆ వేసవిలో “ఆగుండ్రి” అన్న కుర్రవాడి నోట చక్కెర పోయవలసిందే. 2023 మొదట్లో ఆర్‌టీఎక్స్ 40 వరస వచ్చినప్పుడూ అంతే: అంతకుముందు వరసను శామ్‌సంగ్ వారి 8 నానోమీటర్ల పద్ధతిలో చేయించారు, దీన్ని తైవాను కంపెనీ టీఎస్ఎంసీ వారి ‘4ఎన్’ పద్ధతిలో. అదే కరెంటుకు పని బాగా పెరిగింది.

మరి 2025లో? ఆర్‌టీఎక్స్ 50 వరస లాప్‌టాప్‌లను కూడా ఆ 4ఎన్ కుటుంబం పద్ధతిలోనే తయారు చేశారు. లాప్‌టాప్‌లోని 4070కి 4,608 కోర్లు, 8 జీబీ మెమరీ. రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేటట్టు ఎదురుచూడగా వచ్చిన లాప్‌టాప్ 5070కి ఎన్ని? 4,608 కోర్లు, 8 జీబీ మెమరీ! మెమరీ వేగం పెరిగింది, కృత్రిమ మేధకు సంబంధించిన భాగాలు మెరుగయ్యాయి, నిజమే. అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం జరిగింది మాత్రం, ఒక బొమ్మ తయారైతే దాన్ని ఆధారం చేసుకుని మరి మూడు బొమ్మలదాకా ఊహించి మధ్యలో చేర్చే విద్యకు. పప్పుచారులో నీళ్ళు కలిపి నలుగురికి వడ్డించడం వంటిది ఇది. విస్తరి నిండుతుంది, చూడ్డానికి బాగుంటుంది. తెరమీద కదలిక నునుపుగా వుంటుంది. కాని మీట నొక్కినప్పుడు యంత్రం పలికే తొందర దానివల్ల హెచ్చదు.

కనుక ఈసారి ఎవరైనా ఆగమంటే, “ఎంత బలం పెరుగుతుంది?” అని అడగకండి. దానికి అందరూ పెద్ద అంకెలే చెబుతారు. “అచ్చు వేసే పద్ధతి మారుతోందా?” అని అడగండి. తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే చాయ తాగి వెళతాడు.

వాట్లు, జీబీలు

పేరులోని అంకె కన్నా చూడవలసినవి రెండు. లాప్‌టాప్ 4060 అనే ఒకే చిప్పుకు తయారీదారు 35 వాట్లూ ఇవ్వవచ్చు, 115 వాట్లూ ఇవ్వవచ్చు. సన్నటి, అందమైన పెట్టెలో తక్కువ. బరువైన, వికారపు పెట్టెలో ఎక్కువ. కొంచెం పాత అంకెదైనా నిండా వాట్లు ఇచ్చిన యంత్రం, కొత్త అంకె వేసుకుని కడుపు మాడ్చుకున్న యంత్రాన్ని మించిపోగలదు. రెండవది చిప్పుకు సొంతమైన మెమరీ. 2025 మే నెలలో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ అనే ఆట కనీస అర్హతగానే 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అడిగింది. కృత్రిమ మేధ నమూనాలకూ ముందు చాలకుండా పోయేది ఆ మెమరీయే. ఇవాళ 6 జీబీ చిప్పు కొనడం కన్నా రెండు నెలలు ఆగి, మరి కాస్త కూడబెట్టి 8 జీబీదో, చేతనైతే 12 జీబీదో కొనడం మేలని నా అభిప్రాయం. ఆ ఆగడం కంపెనీ కోసం కాదు, మన చేతిలో డబ్బు కోసం.

‘ఆగితే ధర తగ్గుతుంది’ అన్న మాటనూ చప్పున నమ్మడానికి వీల్లేదు. యీ సామాను ఖరీదు డాలర్లతో ముడిపడి వున్నది. 2021 జనవరిలో డాలరు 73 రూపాయల దగ్గర వుండేది; 2025 డిసెంబరులో 90 దాటింది. దానికి తోడు కృత్రిమ మేధ కేంద్రాలవాళ్ళు ఎగబడి కొనడంతో 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పుల ధర అమాంతంగా పెరిగింది. 2020 చివర కొత్త కార్డుల కోసం కాచుకున్నవాళ్ళ గతి మరీ అన్యాయం. కార్డులు వచ్చాయి గాని దుకాణాల్లో దొరకలేదు; దొరికినచోట బ్లాకు ధర! ఒక్క లాభం మాత్రం లేకపోలేదు: కొత్త వరస దుకాణంలోకి దిగే రోజుల్లో పాత వరసను వదిలించుకోవడానికి వ్యాపారులు ధర తగ్గిస్తూ వుంటారు. తెలివిగా ఆగేవాళ్ళు కొత్తదాని కోసం కాదు, అటువంటి అదను కోసం ఆగుతారు.

ఇంజనీరింగు చదువు నాలుగేళ్ళు. ఆరు నెలలు ఆగితే ఎనిమిది సెమిస్టర్లలో ఒకటి పోయినట్టు. ఎన్విడియా లాప్‌టాప్ వరసలు 2019, 2021, 2023, 2025 – ఇట్లా రెండేళ్ళకొకసారి వస్తున్నాయి. అంటే ఏ విద్యార్థికైనా చదువు ముగిసేలోగా తన యంత్రం ఒకటి రెండుసార్లు పాతబడక తప్పదు. తార్నాకకు కొద్ది మైళ్ళలో వున్న ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. ట్రాంబేలో రూపొందించిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటరుతో మన దేశంలో కంప్యూటర్ల తయారీకి దిగింది. అప్పటికే విదేశాల్లో అంతకన్నా పెద్ద యంత్రాలు వున్నాయి. వాటి అంత మంచిది చేతికి వచ్చినప్పుడు చూద్దామని కూర్చుని వుంటే మనవాళ్ళు ఆ పని నేర్చేవారు కారు. మొదటి యేడు నేర్పే ప్రోగ్రామింగుకు గ్రాఫిక్స్ కార్డే అక్కరలేదన్నది వేరే సంగతి. ఇంట్లో పనికివచ్చే పాత కంప్యూటరు వుంటే మొదటి రెండేళ్ళు దానితో గడపవచ్చు. మధ్యలో అవసరమైతే గూగుల్ కొలాబ్‌లో కొన్ని గంటలు ఉచితంగా గ్రాఫిక్స్ చిప్పు వాడుకోవచ్చు. అటువంటి ఇంటివారు ఎంతకాలమైనా ఆగవచ్చు. ఇంట్లో ఏమీ లేదు, పిల్ల స్నేహితురాలి లాప్‌టాప్ కోసం హాస్టలు చుట్టూ తిరుగుతోంది అంటే మాత్రం, కొత్త వరస దుకాణంలోకి రావడానికి తేదీ ఖరారై, అది నెలా రెండు నెలల్లో వుంటే తప్ప ఆగవద్దని చెబుతాను.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళితే వరసగా కంప్యూటరు దుకాణాలే. అక్కడ ముందు కీబోర్డు కింద వెలిగే రంగురంగుల దీపాలు చూపిస్తారు. చూడండి, తప్పులేదు. ఆ తరువాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిపించి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో చిప్పుకు ఎన్ని వాట్లు ఇచ్చారో, మెమరీ ఎంతో పిల్లల చేత చదివించండి. ఏదైనా బరువైన ఆటను పావుగంట నడిపించమని అడిగి, పెట్టె ఎంత వేడెక్కుతుందో, ఫ్యాన్లు ఎంత గోల చేస్తాయో గమనించండి. దుకాణంలో ఏసీ వుంటుంది. మన ఇంట్లో మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండ, పైన కాలిన స్లాబు. వేడి మితిమీరితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లాప్‌టాప్‌ను పరుపుమీద కాక బల్లమీద, వెనుక వైపు కాస్త ఎత్తుగా పెట్టి వాడమని పిల్లలకు చెప్పండి. ఏడాదికొకసారి ఫ్యాన్లలో దుమ్ము తీయించండి. బిల్లుమీద సీరియల్ నంబరు వేశారో లేదో అక్కడే చూసుకుని మరీ మెట్లు దిగండి.